కాటా ఎక్కకూడని పెట్టె

2019 జనవరి కలిదిండి వాళ్లకు ఇంకా గుర్తుందా? ఓఎన్‌జీసీ వారి పెట్టె, ప్రమాదకరమైన కిరణాలు చిమ్మే సీజియం-137 ఉన్నది, ఒకటి మాయమైంది. పోలీసులు వెతగ్గా వెతగ్గా కలిదిండిలో, పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికింది. ముప్పు తప్పింది, ఊరు మరిచిపోయింది. మరిచిపోయే హక్కు మనకెక్కడిది?

అది చమురు బావుల పెట్టె. అలాంటి పదార్థమే ఆస్పత్రుల్లోనూ ఉంటుంది. క్యాన్సర్ వచ్చినవాళ్లకు ‘కరెంటు పెట్టించాం’ అంటామే, ఆ పాత మిషన్ల కడుపులో ఎక్కువగా ఉండేది కోబాల్ట్-60. కొత్త మిషన్లలో స్విచ్ ఆపితే కిరణాలు ఆగుతాయి. కోబాల్ట్‌కు స్విచ్ లేదు. మిషన్ మూలపడినా, ఆస్పత్రికి తాళం పడినా అది లోపల పనిచేస్తూనే ఉంటుంది.

1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, ఖాళీ చేసిన ఆస్పత్రిలో సీజియం ఉన్న ఒక మిషన్‌ను అలాగే వదిలేశారు. నాలుగు డబ్బులొస్తాయని ఇద్దరు దాన్ని విప్పుకుపోయారు. చీకట్లో నీలంగా మెరిసే పొడిని చూసి పాత సామాన్ల కొట్టాయన ముచ్చటపడ్డాడు, అయినవాళ్లకు పంచాడు. ఆరేళ్ల పిల్ల ఆ పొడి అంటిన చేతులతోనే తిండి తింది. ఆ పిల్లతో కలిపి నలుగురు పోయారు. 2010లో ఢిల్లీ మాయాపురిలోనూ అంతే: విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత పరికరం తుక్కు కొట్టుకు చేరి ఒక కూలీ ప్రాణం తీసింది. వీళ్లలో ఒక్కరికైనా అదేమిటో తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. తప్పు అక్కడుంది.

గొయానియాలో చిందిన సీజియం ఉప్పు నీళ్లలో ఇట్టే కరుగుతుంది, సగం తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చేదంతా కొల్లేరులోకే చేరుతుందని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంటికి కనపడనిది ఊరిని ఎలా పడేస్తుందో 2020 డిసెంబరులో ఏలూరు చూసింది. వందలమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న భయాన్ని ఒక్కసారి తలుచుకోండి.

ఆస్పత్రులు నడిపే అయ్యల్లారా, అమ్మల్లారా! మిషన్ ఆగిన రోజే అణుశక్తి నియంత్రణ బోర్డుకు తెలియజేయండి. లోపలి కిరణాల సోర్సును తిరిగి అప్పగించేదాకా ఆ గది తాళం బాధ్యత మీదే. ఖర్చని వాయిదా వేయకండి. ఏలూరు, తాడేపల్లిగూడెం కొట్ల అన్నల్లారా! ఇలాంటి పెట్టెల సీసానికి మంచి ధర పలుకుతుందని నాకూ తెలుసు. చిన్నదైనా మోయలేనంత బరువున్న పెట్టె వస్తే, పసుపు రంగు మీద మూడు రెక్కల ఫ్యాను లాంటి గుర్తు కనిపిస్తే, కాటా మీద పెట్టకండి, సుత్తి ఎత్తకండి. దూరం జరిగి, ఎవర్నీ దగ్గరకు రానీయకుండా 112కు ఫోన్ చేయండి.

మిగిలిన మనందరికీ ఒక పని ఉంది. పాత సామాన్లు కొంటానని సైకిల్ మీద మన వీధిలోకి వచ్చే కుర్రాడికి ఆ గుర్తు తెలియదు. ఈసారి వచ్చినప్పుడు ఆపి, కాగితం మీద గీసి చూపించండి.