పత్తాలకు సజా, ఫోనుకు మాఫీనా?

మన ఇళ్లలో ఒక అజీబ్ ఇన్సాఫ్ నడుస్తోంది. పిల్లాడి చేతిలో పత్తాల కట్ట కనబడితే చాలు, "తౌబా తౌబా! జువా!" అని దాదీమా లాక్కుంటుంది. అదే పిల్లాడు ఫోన్లో తల్వార్ పట్టి చీకటి నేలమాళిగల్లో దయ్యాలను నరుకుతూ అర్ధరాత్రి దాకా కూర్చుంటే, "చుప్‌చాప్ ఉన్నాడు పాపం" అని వదిలేస్తాం. శ్రీరాంసాగర్ దగ్గరి మెండోర నుంచి నిజామాబాద్, బోధన్ దాకా ఇదే వరస. ఈ తరాజు వంకర అంటాను నేను.

ముందు సూరత్ చూసి భయపడడం మానాలి. పత్తాలూ మనకు పరాయివి కావు, నేలమాళిగలూ కావు. బాబర్ బాద్షా తన ఆత్మకథలోనే గంజీఫా పత్తాల సంగతి రాసుకున్నాడు. మొగలుల గంజీఫాలో 8 రంగులు, రంగుకు 12 చొప్పున 96 పత్తాలు. తాజ్, శంషేర్, గులాం అని వాటి పేర్లు. ఆ గుండ్రటి పత్తాలకు గోదావరి అవతలి నిర్మల్ నకాషీలు కూడా రంగులద్దారు. ఇక నేలమాళిగలంటారా? 1883లో లక్నో నవల్ కిశోర్ ప్రెస్ అచ్చేయడం మొదలుపెట్టిన 'తిలిస్మె హోష్‌రుబా' నిండా జాదూగర్లే, మాయదారులే. ఎంత వేసినా నిండని అమర్ అయ్యార్ జంబీల్ కూడా ఆ దాస్తాన్లలోదే. ఈనాటి పిల్లలు 'డంజన్' అంటున్నది ఆ తిలిస్మ్ లాంటిదే.

కాబట్టి బొమ్మను కాదు, రెండు సంగతులు చూడాలి. ఆటలో పైసా ఉందా? ఆట ఎక్కడైనా ఖతం అవుతుందా?

'స్కౌండ్రెల్' అని ఒక ఆట ఉంది. 2011లో జాక్ గేజ్, కర్ట్ బీగ్ తయారుచేశారు. ఒక్కరే ఆడుకునేది. మామూలు కట్టలోంచి జోకర్లు, ఎర్ర ఆసులు, ఎర్ర రాజు, రాణి, జాకీలు తీసేస్తే 44 పత్తాలు మిగులుతాయి. ఇస్పేట్లు, కళావర్లు దయ్యాలు. డైమన్లు కత్తులు. ఆఠీన్లు దవా. మన జాన్ 20. గదికి 4 పత్తాలు పరుచుకుని మూడింటితో తలపడాలి, నాలుగోది తర్వాతి గదికి పోతుంది. ఒక దయ్యాన్ని చంపిన కత్తి ఆపై అంతకంటే పెద్దదాన్ని కొట్టలేదు. గది వదిలి పారిపోవచ్చు గానీ వరసగా రెండుసార్లు కుదరదు. కట్ట అయిపోతే బాజీ ఖతం. పిల్లాడికి దక్కేది హిసాబ్, సబర్. ఖర్చు ఒక పత్తాల కట్ట.

డంజన్ ఆటలన్నీ ఖరాబ్ అనడం లేదు. 1980 నాటి 'రోగ్' కూడా అదే జాతిది. చస్తే మళ్లీ మొదటి నుంచి, అంతే. నా ఝగడా ఆ ఖాన్దాన్ పేరు చెప్పుకుని ఫోన్లోకి దిగిన కొన్నిటితో. వాటికి అడుగనేది లేదు. ఓడినప్పుడల్లా ఒక సందూక్ చూపించి కొనమంటాయి. లోపలేముందో కొన్నాకే తెలుస్తుంది. తెలియని దానికి నసీబ్ మీద పైసలు పెట్టడం జువా కాకపోతే మరేమిటి? 2018లో బెల్జియం గేమింగ్ కమిషన్ ఆ మాటే అన్నది. 2022లో 'డయాబ్లో ఇమ్మోర్టల్' ఆ దేశంలో విడుదలే కాలేదు. మన తెలంగాణ సర్కారు 2017లో పైసలతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని బంద్ చేసింది. ఖానూన్ కూడా చూసింది పత్తాను కాదు, పందెాన్ని.

"ఈ రోజు ఒంటరిగా ఆడినవాడు రేపు తీన్‌పత్తీకి పోడా?" అని బుజుర్గులు అడుగుతారు. పైసా లేకున్నా పత్తాలు వద్దనే ఉలమా ఉన్నారు. వారి ఎహతియాత్‌కు నా సలాం. పత్తాలు ఇంట్లోకే రానివ్వమంటే రానివ్వకండి. కానీ ఆ ఎహతియాత్ సందూక్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు నిద్రపోతోంది? తీన్‌పత్తీలో కనీసం ఎదుటివాడి ముఖం కనబడుతుంది, పోయిన పైసా కనబడుతుంది. ఇక్కడ అబ్బా గల్ఫ్ ఎండలో కమాయించి పంపిన రూపాయి అమ్మీకి తెలియకుండానే ఒక్క నొక్కుతో పోతుంది.

అమ్మీలూ, దాదీలూ! ఈ రాత్రి పిల్లాడి పక్కన కూర్చుని వాడి ఆటలో దుకాణం ఎక్కడుందో చూపించమనండి. ఉంటే తీసేయించండి. జువాను ఆపాలనుకుంటే దాదీమా చేయి ముందు పోవలసింది అక్కడికి.