తలలు లెక్కపెడితే చాలదు: భూగోళం చెప్పే టీచర్ల ప్రణాళిక

మేం రాయలసీమలోనూ పాలమూరులోనూ సాంఘికశాస్త్రం చెప్పే టీచర్లం. జనాభా ఒక పాఠంగా, అడవులు, గడ్డినేలలు, ఎడారులు ఇంకో పాఠంగా చెప్పి, రెండిటికీ వేరువేరుగా బిట్లు బట్టీ పట్టించే పద్ధతి ఇక మానుకుంటున్నాం. బదులుగా ఏం చెబుతామో, దేన్ని ఒప్పుకోమో ఇక్కడ రాసిపెడుతున్నాం.

2022 నవంబరు 15న ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మరుసటి ఏడాది మన దేశం చైనాను దాటింది. అప్పుడు ఎక్కడ చూసినా ఒకటే మాట: మనుషులు పెరిగారు, కాబట్టి అడవి తరిగింది. ఆ 'కాబట్టి' దగ్గరే మా పేచీ. 1951లో 36 కోట్లున్న దేశం 2011 నాటికి 121 కోట్లయితే నేల మీద భారం పడకుండా ఎలా ఉంటుంది? పడింది. అయితే ఏ నేలను ఎవరి కోసం దున్నారో అడక్కుండా తలలు మాత్రం లెక్కపెట్టి తీర్పు చెబితే, తిన్నవాడు తప్పుకుంటాడు, పక్కనున్నవాడు దొరికిపోతాడు.

గడ్డినేలల సంగతే చూడండి. 1954లో సోవియట్ నేత క్రుశ్చేవ్ ఉత్తర కజకిస్తాన్ స్టెప్పీలను దున్నించడం మొదలుపెట్టాడు. అక్కడేమీ జనం కిక్కిరిసి లేరు. సోవియట్ దేశానికి గోధుమలు కావాలి, అంతే. రష్యా నుంచీ ఉక్రెయిన్ నుంచీ లక్షల మందిని రప్పించారు. జనాభా పెరిగి నేల దున్నలేదు, నేల దున్నడానికే జనాభాను తెచ్చిపెట్టారు. పదేళ్లయినా కాకముందే అక్కడి పైమట్టి దుమ్ము తుపానులై లేచింది.

బ్రెజిల్‌లో సెరాడో అనే సవన్నా సుమారు 20 లక్షల చదరపు కిలోమీటర్లు. పుల్లనేల కావడంతో ఒకప్పుడు సాగుకు పనికిరాదన్నారు. 1973లో ఏర్పడిన ఎంబ్రాపా అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ, సున్నం చల్లి ఆ నేలను సోయాకు లొంగదీసే దారి చూపింది. ఇప్పటికి అక్కడి సహజమైన పచ్చదనంలో సగం దాకా పోయింది. ఆ సోయాలో పెద్ద వాటా చైనాలో పందులకూ కోళ్లకూ మేతగా వెళుతోంది. సెరాడో పల్లెల్లో ఎంతమంది పుట్టారో లెక్క తీస్తే ఈ కథ బయటపడుతుందా? అమెరికా ప్రెయిరీల్లో మరీ విచిత్రం. అక్కడి చాలా కౌంటీల్లో జనం తగ్గుతూ వస్తున్నది ఇప్పటి నుంచి కాదు, 1930ల నుంచి. అయినా గడ్డి తిరిగి రాలేదు. పది కుటుంబాలు దున్నిన పొలాన్ని ఇప్పుడు ఒక కుటుంబం పెద్ద ట్రాక్టరుతో దున్నుతోంది.

అందుకని మా మొదటి నియమం: ఏ బయోమ్ (అడవి, గడ్డినేల, ఎడారి లాంటి జీవమండలం) గురించి పాఠం చెప్పినా, ఆ నేల మీద బతికేవాళ్లనూ, ఆ నేల ఫలం తినేవాళ్లనూ వేరువేరుగా లెక్కిస్తాం. నేలను మార్చేవాళ్లు దూరాన కూడా ఉండొచ్చు: కెనడా ఉత్తరాన టైగా అడవుల్లో మనుషులు చాలా పలుచన. 2023లో ఆ దేశంలో కోటిన్నర హెక్టార్లకు పైగా తగలబడింది. ఆ అడవిని ఎండబెట్టిన వేడిలో ఎక్కువ పాలు ఎక్కడెక్కడి పొగగొట్టాలదో.

ఇక మన ముంగిటికి వద్దాం. కర్నూలు దగ్గర గని–శకునాల సోలార్ పార్కు సుమారు 6 వేల ఎకరాలు, వెయ్యి మెగావాట్లు. సౌరవిద్యుత్తుతో మాకు తగవు లేదు, మా తరగతి గదుల్లోనూ ఫ్యాన్లు తిరగాలి. కానీ ఇలాంటి వాటికి స్థలం వెతికిన ప్రతిసారీ కళ్లు పడేది రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న చోటే. దక్కన్ పీఠభూమి మీది గడ్డీ ముళ్లపొదలూ చెడిపోయిన అడవి కావు. అది దానికదే ఒక బయోమ్. కురుమలు, గొల్లలు మందలు తోలుకున్న నేల. బట్టమేక పక్షి కోసం 1988లో ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడును అభయారణ్యం చేశారు. చుట్టూ సాగు పెరిగి, ఆ పక్షి అక్కడ కనబడటమే గగనమైంది. బీడును ఖాళీ అని మేం చెప్పం. గడ్డినేలలో వరసగా గుంతలు తీసి మొక్కలు నాటడాన్ని పచ్చదనం పెంచడం అని కూడా చెప్పం, పై నుంచి సర్క్యులర్ వచ్చినా సరే.

పిల్లల సంఖ్య గురించి సూటిగా చెబుతాం. 1975–77 ఎమర్జెన్సీలో మనుషుల్ని పట్టుకెళ్లి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి వీల్లేదని 1994లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5వ విడత ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. ఎంతమందిని కనాలన్నది ఆమె ఇష్టం. అడవి పేరు చెప్పి తగ్గించమన్నా, అభివృద్ధి పేరు చెప్పి పెంచమన్నా మేం వంత పాడం.

జనం తగ్గితే నేల తనంతట తాను కోలుకుంటుందన్న ఆశనూ పిల్లలకు అమ్మం. జపాన్‌లో అసో అగ్నిపర్వతం చుట్టూ ఉన్న పచ్చిక నేలలు ఏటా రైతులు నిప్పుపెట్టి, పశువులను మేపి, కోసుకుంటేనే పచ్చికలుగా నిలిచాయి. పల్లెల్లో ముసలివాళ్లే మిగిలారు, ఇప్పుడు ఆ నిప్పు పెట్టే పనికి పట్నాల నుంచి వాలంటీర్లు వెళ్లాల్సి వస్తోంది. వాళ్లూ రాకపోతే పొదలు కమ్మేస్తాయి. మన దగ్గర బెంగళూరుకో బొంబాయికో వలసపోయినవాళ్ల చేలల్లో సర్కారు తుమ్మ ఎలా అల్లుకుందో చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు. వెళ్లిపోయినవాళ్లు మేపే మంద లేదు, కొట్టే గొడ్డలి లేదు.

మా గోడల మీద రెండు పటాలుంటాయి. ఒకటి పాఠ్యపుస్తకంలోది, మనుషులే లేనట్టు రంగులేసిన బయోమ్‌ల పటం. రెండోది 2008లో ఎర్ల్ ఎలిస్, నవీన్ రామన్‌కుట్టి అనే పరిశోధకులు గీసినది. మంచు లేని నేలలో నాలుగింట మూడొంతులకు పైగా మనిషి మార్చినదేనని తేల్చి, ఊళ్లనూ వరిమళ్లనూ మేత నేలలనూ కూడా అది బయోమ్‌లుగానే చూపిస్తుంది. పిల్లలు రెండిటినీ చూసి, కిటికీలోంచి బయటికీ చూసి, ఏది తమ ఊరో వాళ్లే చెప్పాలి. పరీక్షలో దీనికి మార్కులున్నాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. లేవనే చెబుతాం.

మాతో చేరాలనుకునే టీచర్లకు చందా ఏమీ లేదు. మీ మండలంలో ఒక మేత పోరంబోకు సర్వే నంబరు, ఇప్పుడు అక్కడ ఏముందో కాలినడకన వెళ్లి చూసి రాసిన కాగితం, ఆ దారిన మంద తోలే ఒక మనిషితో మాట్లాడి రాసుకున్న నోట్సు, ఈ మూడూ తెస్తే సభ్యులే. వేసవి సెలవుల్లో వెళ్లండి, గడ్డి ఎండినప్పుడే సరిహద్దు రాళ్లు కనపడతాయి.