తప్పు చేతిది కాదు, పుల్లది

ఝార్ఖండ్‌లోని ఖర్సావాన్ ప్రాంతంలో ఒక మట్టి మైదానం. పద్నాలుగేళ్ల కుర్రాడు వెదురు విల్లు లాగి వదులుతున్నాడు. ముప్ఫై మీటర్ల దూరంలో బాణాలన్నీ ఎడమకే పోతున్నాయి. ''మోచేయి బిగించు'' అని శిక్షకుడు గద్దించాడు. కుర్రాడు బిగించాడు. బాణం మళ్లీ ఎడమకే. మరో వారంలో జట్టు ఎంపిక.

మన దగ్గర గురి తప్పితే నింద మనిషి మీదికే వెళ్తుంది. చెట్టు మీది పిట్ట కన్ను కథ వింటూ పెరిగినవాళ్లం కదా, గురి అంటే చూపే అనుకుంటాం. ఆ కథలో అర్జునుడి బాణం ఎంత మందమో ఎవరూ అడగరు.

అడగాల్సింది అదే. మూడు వేళ్లతో నారి లాగే కుడిచేతి వాటం వాళ్లకు బాణం విల్లుకు ఎడమ పక్కన ఆనుకుని ఉంటుంది. నారి మాత్రం విల్లు నడిమికి దూసుకొస్తుంది. అంటే బాణం తిన్నగా పోవాలంటే విల్లు అడ్డం. అందుకే అది వదిలిన క్షణంలో పాములా వంగి, విల్లును చుట్టుకుని దాటి, కొంతదూరం అటూ ఇటూ ఊగి, ఆ తర్వాతే నిటారవుతుంది. కంటికి కనబడని ఈ వంపును 1930లలో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ హైస్పీడ్ కెమెరాతో పట్టి చూపారు. పుల్ల మరీ గట్టిదైతే చాలినంత వంగక ఎడమకు పోతుంది. మరీ మెత్తనిదైతే ఎక్కువ వంగి కుడికి. విల్లు బలానికి తగ్గ పుల్ల దొరికితే సగం పని అయినట్టే.

టీవీలో మనం చూసే విలువిద్యకు ఈ బాధ తక్కువ. విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతో. అందులో బాణం దాదాపు నడిమి నుంచే వెళ్లేలా పిడిని చెక్కేస్తారు. ఆధునిక పోటీ విల్లు, దాని సరంజామా కొనాలంటే లక్షల్లో మాట. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు స్వర్ణాలు సాధించిన దీపికా కుమారి కూడా రాంచీ దగ్గరి రాతు చట్టీలో వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది. చెక్క, వెదురు విల్లులకు దేశీయ పోటీల్లో 'ఇండియన్ రౌండ్' అనే విభాగం ఉంది. డబ్బులేని పిల్లలకు తొలి మెట్టు అదే. ఆ మెట్టు మీద పుల్ల ఎంపిక తెలిసినవాడు పక్కన లేకపోతే మంచి చేయి కూడా వెనక్కి పోతుంది.

ఆ రోజు మైదానం పక్కన చెట్టు కింద కూర్చున్న ముసలాయన విల్లులు చేస్తాడట. కుర్రాడిని పిలిచి ఒక బాణానికి ఈకలు పీకేశాడు. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ''ఈకలు తప్పును కప్పేస్తాయి'' అన్నాడాయన. ఈకలు లేని బాణం పది అడుగుల నుంచే నిజం చెప్పింది: దిబ్బలో వంకరగా దిగి, తోక కుడికి తిరిగి ఉంది. పుల్ల గట్టిది. పెద్దవాళ్ల విల్లులకని కట్టలుగా కొన్న బాణాలను పిల్లలకూ పంచేశారు, అంతే.

పాశ్చాత్యులు దీన్ని కొలుస్తారు. 26 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పుల్లను ఉంచి, నడుమ రెండు పౌన్ల బరువు వేలాడదీస్తే ఎంత దిగిందో చూస్తారు. అర అంగుళం దిగితే అది 52 పౌన్ల పుల్ల. ముసలాయన మాత్రం మోకాలికి ఆనించి బొటనవేలితో నొక్కి చూశాడు. తర్వాత గాజు పెంకుతో నడుమ భాగాన్ని గీకడం మొదలుపెట్టాడు. గీకడం, నొక్కడం, వేయించడం. మధ్యలో నారిని విప్పి నాలుగు మెలికలు తిప్పాడు, విల్లుకు కాస్త దూరం జరగాలని. బాణం తోక పైకి లేస్తోందంటే నారి మీద గాటు కూర్చునే చోటును దారం చుట్టి కొంచెం కిందికి దించాడు. ఒక్కసారికి ఒక్క మార్పే. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదన్నాడు.

పొద్దు వాలేసరికి మూడు బాణాలు కుదిరాయి. మూడూ పసుపు వలయంలోకి వెళ్లాయి. శిక్షకుడు దగ్గరికి వచ్చి పుల్లను చేతిలోకి తీసుకుని వంచి చూశాడు, ఏమీ అనలేదు. కుర్రాడి అంబులపొదిలో గీకాల్సినవి ఇంకా తొమ్మిది ఉన్నాయి. గాజు పెంకు వాడికే ఇచ్చి ముసలాయన ఇంటికి వెళ్లిపోయాడు.