సముద్రం ఊరికే ఇవ్వదు

"సముద్రంలో ఊరికే దొరికే చేపకి ఇంత రేటేమిటమ్మా?" అని ఈ వారం విశాఖలో రోడ్డు పక్క చేపలమ్మే ఒకావిణ్ణి ఓ పెద్దమనిషి నిలదీస్తుంటే విన్నాను. ఆవిడ గులివిందలకు పొలుసు తీస్తూ, తలెత్తకుండానే, "ఊరికినే ఎవులిచ్చారు బాబూ? డీజిల్ డబ్బులు నువ్వుగానీ కట్టినావేటి?" అంది. అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు. కాకపోతే ఆవిడకు విడమరిచి చెప్పే తీరిక లేదు, నాకుంది.

పడవ ఒడ్డుకొచ్చాక వేలం పాడతారు. ఆ డబ్బులోంచి ముందు డీజిలు, ఐసు ఖర్చు పోతుంది. మిగిలినదాంట్లో పడవకీ ఇంజనుకీ వలకీ వాటాలు తీస్తారు. వలలాగిన మనిషి వంతు ఆ తర్వాతే. పెట్టుబడికి షావుకారు దగ్గర అప్పు తెచ్చినవాడైతే సరుకు అతనికే వెయ్యాలి, ధర అతనే చెబుతాడు. వల ఖాళీగా వచ్చిన రోజు కూడా డీజిలు బాకీ మిగిలే ఉంటుంది. బజారులో మనం పది రూపాయలు తగ్గించమని పట్టుబట్టినప్పుడు కోత పడేది షావుకారు వాటాకు కాదు.

ఇంకో ప్రశ్న వేసవిలో వినిపిస్తుంది: రెండు నెలలు పని మానేస్తే సర్కారే డబ్బులిస్తోంది కదా, ఇంకేం కావాలని. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమది. నిషేధం న్యాయమైందే, జాలర్లే ఆ మాటంటారు. 2019లో 10,000 చేసిన భృతిని 2025లో 20,000 చేశారు, సంతోషం. 61 రోజులకు పంచి చూడండి, ఇల్లంతటికీ రోజుకు 328 రూపాయలు. అదీ వేటకెళ్ళేవాడి పేరున. తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే అతని భార్య బేరం కూడా ఆ రెండు నెలలూ పడిపోతుంది. ఆమె పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

ఇలాంటి ప్రశ్నలు ఎక్కణ్ణుంచి పుట్టాయో నాకు తెలుసు. ఎక్కడో ఒక కచిడి చేప వలలో పడితే టీవీలో రోజంతా జాక్‌పాట్, లక్షాధికారి అంటూ మోత. దాని గాలితిత్తికి విదేశాల్లో గిరాకీ ఉన్నమాట నిజమే, లక్షలు పలికిన మాటా నిజమే. కానీ అదే రేవులో ఆ వారం ఉత్త వలతో తిరిగొచ్చిన పడవలెన్నో ఏ ఛానెలూ లెక్కపెట్టదు. యానాంలో పులస వేలం పాట చూపించినట్టు, వల కొనడానికి పుస్తెలు తాకట్టు పెట్టిన ఇల్లు చూపించరు.

వేట గురించి మనం అడగవలసినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఎన్నిసార్లు రాసినా మళ్ళీ రాస్తాను. పడవ ఒడ్డుకు ఎలా చేరుతోంది? శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఆ తీరంలో చాలా ఊళ్ళకు జెట్టీ లేదు. ఫైబరు పడవ కెరటాలు విరిగే చోటుకి అవతలే ఆగి, సరైన కెరటం కోసం కాచుకుని, దాని వీపు మీద ఒడ్డుకు దూసుకురావాలి. ఇసుక తగలకముందే ఇంజను పైకెత్తాలి. నడుంలోతు నీళ్ళలోకి దూకి, వెనక నుంచి వచ్చే కెరటం అందుకోకముందే పడవ ముక్కు ఒడ్డువైపు నిలబెట్టాలి. అడ్డం తిరిగిందా, బోల్తాయే. నడిసముద్రంలో గాలివానను తట్టుకున్నవాళ్ళు ఇంటి గడపకు కనిపించేంత దూరంలో ప్రాణాలు పోగొట్టుకున్నారు.

పెద్ద బోటు కట్టుకోవడానికి రేవు లేకే ఆ ఊళ్ళ కుర్రాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి ఇంకొకరి బోట్ల మీద కూలికి చేరుతున్నారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళు పాకిస్తాన్‌కు పట్టుబడింది ఆ బోట్ల మీదే. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో తిరిగొచ్చారు. వాళ్ళ కథతో 'తండేల్' సినిమా వస్తే అందరం చూశాం, కళ్ళొత్తుకున్నాం. తీరంలో హార్బరు ఉండి ఉంటే వాళ్ళు అంతదూరం పోయేవాళ్ళు కాదన్న మాట మాత్రం హాల్లోంచి బయటికి వచ్చాక ఎవరూ ఎత్తలేదు.

హార్బరు కోట్ల వ్యవహారం, ఆలస్యమవుతుందంటారు. సరే, కుళాయికి ఎన్ని కోట్లు కావాలి? చేపలమ్మే ఆడవాళ్ళు మురుగుకాలువ పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చుంటున్నారు. నెత్తిన నీడ లేదు, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. ఒంటికి వెళ్ళాలంటే ఇంటికి వెళ్ళేదాకా ఉగ్గబట్టుకోవాలి. ఆశీలు వసూలుచేసే మనిషి మాత్రం పొద్దున్నే తట్టకింత అని చీటీ చింపి డబ్బు పట్టుకుపోతాడు. ఏ ఊళ్ళోనైనా ఆశీలు పాట పెట్టేముందు ఆ చోట రేకుల షెడ్డు, కుళాయి, మరుగుదొడ్డి ఉన్నాయని మున్సిపాలిటీ చూపించాలి. లేకపోతే ఆ రూపాయి అడిగే హక్కు దానికి లేదు.