ఊర్మిళకు నిద్ర గలదు

మన ముత్తవ్వల నాటినుండి ఆడువారి నోట నిలిచియున్న పాటలలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ యొకటి. లక్ష్మణుడు అన్నగారి వెంట అడవులకేగగా ఆ యిల్లాలు పదునాలుగేండ్లు కన్ను విప్పక నిద్రించెననియు, మగడు మరలివచ్చి పిలిచినపుడు ఎవరో పరపురుషుడని వెరచెననియు ఆ పాటలోని కథ. వాల్మీకి మహర్షి ఆ యేండ్లను గూర్చి పలుకకయే సాగిపోగా, ఎడబాటెట్టిదో యెరిగిన మన తెలుగు స్త్రీలు ఆమెను మరువక నిద్రనొక వరముగా నొసగిరి. ఈ మాసమున మేము ముచ్చటింపబూనినది ఆ వరమునకు నోచుకొనని యిల్లాండ్రను గూర్చి. మగడు సరిహద్దున నున్నాడు. బిడ్డలు ఒడిలో నున్నారు. తెల్లవారినచో తాను ఉద్యోగమునకు పోవలెను. అట్టి తల్లికి నిద్ర యెక్కడిది?

మా నల్లగొండ, పాలమూరు సీమలకు ఎడబాటు క్రొత్తది కాదు. వానలు తప్పిన యేండ్లలో పాలమూరు కూలీలు మూటాముల్లె కట్టుకొని ఆనకట్టల పనులకును, బాటల పనులకును దూరదేశములకు పోయిరి. బొంబాయి, పూనా నగరముల కట్టడములలో వారి చెమట కలదు. ముసలివారును, పసివారును, అప్పుల పద్దును ఇంట మిగులగా బండి నీడ్చిన ఆడువారి బ్రదుకు మాకు తెలిసినదే. సైనికుని యిల్లాలి యెడబాటు దానికి చెల్లెలివంటిది. నెలనెలకు జీతము వచ్చును గనుక ఆకలి భయము లేదు. కాని కూలికి పోయినవాడు పండుగకు వచ్చునను ఆశయైనను ఉండును; సైనికుని రాకకు ఆ భరోసాయు లేదు. మంజూరైన సెలవు ప్రయాణపు దినముననే రద్దు కావచ్చును.

2016 వరకు నల్లగొండ జిల్లాలోనిదైన సూర్యాపేట పేరు 2020వ సంవత్సరమున దేశమంతట వినబడెను. ఆ యూరి బిడ్డ, 16వ బీహారు పటాలమునకు నాయకుడు, కర్నలు బిక్కుమళ్ల సంతోష్ బాబు ఆ యేటి జూన్ 15 రాత్రి లడఖునందలి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన పెనుగులాటలో నేలకొరిగెను. ఆ ఘటనలో మనవారు 20 మంది ప్రాణములు విడిచిరి. భార్య సంతోషిగారు అప్పుడు ఇద్దరు పసిబిడ్డలతో ఢిల్లీలో నుండిరి. తలిదండ్రులు సూర్యాపేటలో నుండిరి. 18వ తేదీన సూర్యాపేట చెంత సైనిక లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. తెలంగాణ ప్రభుత్వము 5 కోట్ల రూపాయలను, హైదరాబాదున ఇంటి స్థలమును, గ్రూపు-1 స్థాయి యుద్యోగమును ప్రకటించెను. జూలై 22న సంతోషిగారి చేతికి డిప్యూటీ కలెక్టరు నియామకపు ఉత్తరువు అందెను. 2021 నవంబరు 23న ఆ వీరుని తల్లియు భార్యయు కలిసి రాష్ట్రపతి చేతినుండి మహావీర చక్రమును గ్రహించిరి.

ఈ వృత్తాంతమున మనము కన్నీరు తుడుచుకొని చూడవలసినవి రెండు గలవు. మొదటిది: ఆ 5 కోట్లలో 4 కోట్లు భార్యాబిడ్డలకును, ఒక కోటి తలిదండ్రులకును వేర్వేరుగా నొసగబడెను. కొడుకు పోయిన యింట పైకము మూలమున అత్తకును కోడలికిని పుట్టిన వైరములను మనమెన్ని చూడలేదు? పంపకము మొదటనే తేటపడినచో దుఃఖము దుఃఖముగనే యుండును, వ్యాజ్యముగా మారదు. రెండవది: ప్రభుత్వము ఉద్యోగము నియ్యగలదు గాని, ఆ కుర్చీలో కూర్చుండి, కాగితము చదివి, మంచిచెడ్డలు నిర్ణయించి సంతకము చేయు శక్తి నియ్యజాలదు. భర్త పోయి అయిదు వారములు దాటగనే, ఇద్దరు పసివారిని పట్టుకొని, అట్టి బాధ్యతను తలకెత్తుకొనుట సామాన్యము గాదు. ఏ స్త్రీకైనను అట్టి శక్తి ఒక్కనాట రాదు. ఎవరును చూడని మామూలు దినములలో కొంచెము కొంచెముగా కూడబెట్టుకొనవలసినది అది.

భారతమున యుద్ధము ముగిసిన పిదప ఆడువారి శోకమును జెప్పుటకు స్త్రీపర్వమొకటి కలదు. యుద్ధము జరిగిన పదునెనిమిది దినములును వారి యిండ్లలో పొయ్యి యెట్లు వెలిగెనో చెప్పు పర్వము లేదు. నేటి లోకమును అట్లే యున్నది. సైనికుడు పోయిన దినమున ఊరంతయు ఆ వాకిట చేరును. అతడు బ్రదికి కొలువులో నుండగా, నడిరేయి పసివాని యొళ్లు కాలుచున్నపుడు తోడు వచ్చువారు అరుదు. కాబట్టి ఆ లేని పర్వమునుండి నాలుగు మాటలు ఇచ్చట చెప్పుదుము.

సిపాయికి ఏడాదికి 60 దినముల వార్షికపు సెలవును, 30 దినముల క్యాజువలు సెలవును నియమములలో గలవు. అన్నియు దక్కినను 90 దినములే. తక్కిన 275 దినములు ఇల్లు ఒక్కతె మీద నడచును. పీసు స్టేషననబడు చోట్ల క్వార్టరు దొరికినచో భార్యాబిడ్డలు వెంట నుండవచ్చును. ఫీల్డు అనబడు సరిహద్దు తావులకు కుటుంబమును రానీయరు. రెండు మూడేండ్లకొక బదిలీ వచ్చును. ఇల్లాలికి ఉద్యోగమున్నచో ప్రతి బదిలీయు ఒక ధర్మసంకటమే: ఉద్యోగము విడిచి వెంట పోవుటయా, ఎడబాటు సహించి ఉద్యోగమున నిలుచుటయా? వెంట పోయినచో బిడ్డ పంజాబులో ఒక తరగతి, అస్సాములో ఒక తరగతి చదువును. తెలుగక్షరము చేతికి రాదు. నిలిచినచో తండ్రి ముఖము ఫోనులోని బొమ్మయే యగును.

మా యెరుకలో నొక సోదరి గలదు. ఆమె పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయిని, మగడు హవల్దారు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, నీళ్లు పట్టి, రొట్టెలు కాల్చి, పెద్దదానికి జడవేసి, చిన్నవానిని అత్తమ్మకప్పగించి పల్లెవెలుగు బస్సు నందుకొనును. మంచుకొండలలో ఫోను సిగ్నలు దొరకు వేళయు, ఈమె పాఠము చెప్పు వేళయు ఒక్కటే యగుచుండును. వారమున కొకనాడు దొరకు పది నిమిషములలో ఆమె చెప్పునది “అందరం మంచిగనే ఉన్నం” అను ఒక్క మాట. పిల్లవాని దగ్గు, అత్తమ్మ మోకాళ్ల నొప్పి, బోరు ఎండుట, ఏదియు చెప్పదు. తుపాకి పట్టిన చేయి ఇంటి దిగులుతో వణకరాదని యామె తలంపు.

ఒకమారు ఎనిమిది నెలలకు తండ్రి ఇల్లు చేరగా, చిన్నవాడు తలుపు చాటునకు పోయి, “అమ్మా, ఎవరో వచ్చిండ్రు” అని కేక వేసెనట. పాటలో ఊర్మిళ మగని గుర్తింపలేదు. ఈ యింట కొడుకు తండ్రిని గుర్తింపలేదు. ఆ తండ్రి పెట్టె దించి, మారుమాటాడక, కాళ్లు కడుగుకొన బోయెనట.

సెలవు దినములును తేలిక కావు. ఇల్లు ఆమె చేతిలో ఒక దారిన నడచుట కలవాటుపడియుండును. వచ్చినవాడు యజమానుడో చుట్టమో తేలదు. అతడు బ్యాంకునకు తానే పోయెదననును; లెక్కలు తెలియవు. బిడ్డను మందలించును, బిడ్డ తల్లివంక చూచును. ఆ సోదరి చేసిన పని మాకు నచ్చినది. వచ్చిన మరునాడే ఖర్చుల పుస్తకమును మగని ముందుంచి, పిల్లలను బడికి దింపు పని యతని కొప్పగించెను. పది దినములకు ఇల్లు ఇద్దరిదయ్యెను. అంతలో సెలవు తీరును, అది వేరుమాట. కాని మరుసటి రాకకు బిడ్డ తలుపు చాటునకు పోలేదు.

“మగని జీతము పడుచుండగా ఈ పరుగులేల?” అని పెద్దలు కొందరందురు. వారికి వినయముతో మా సమాధానమిది. సిపాయి 15 యేండ్ల కొలువుతో పింఛనునకర్హుడగును. పలువురు నలువది యేండ్లు నిండకయే యిల్లు చేరుదురు. పింఛను కడపటి జీతములో సగము. బిడ్డల పై చదువులు మొదలగునది అప్పుడే. 2022లో ప్రకటించిన అగ్నిపథ పథకమున చేరినవారికి కొలువు నాలుగేండ్లే. ప్రకటించిన నియమముల ప్రకారము నూటికి 25 మందికి మించి నిలుపుకొనరు. తక్కినవారికి కూడిన మొత్తము చేతికి వచ్చును గాని పింఛను లేదు. మరణమునందును నియమములు వేరువేరు. పోరున మరణించినచో భార్యకు కడపటి జీతమునకు సరియగు పింఛను. కొలువు మూలమున గలిగిన మరణమైనచో నూటికి 60 వంతులు. కొలువులో నుండగా, దానితో సంబంధము లేని జబ్బున పోయినచో మొదటి పదేండ్లు సగము, పిదప నూటికి 30 వంతులు. మూడిండ్లలో కన్నీరు ఒక్కటే. పింఛను ఒక్కటి కాదు. ఇట్టిచో ఇల్లాలి సొంత సంపాదన విలాసము కాదు, ఇంటికి రెండవ నిట్టాడు.

ఉద్యోగముతోబాటు కాగితములును ఆమె యెరుకలో నుండవలెను. వివాహమును, ప్రతి బిడ్డ జననమును పటాలపు దస్తరమున ‘పార్ట్ టూ ఆర్డరు’గా నమోదు కావలెను. ఆ నమోదు లేనిదే భార్య భార్యగా దస్తరమున కనబడదు. మన సీమలో పేర్లతో చిక్కు అధికము. పుట్టింట లక్ష్మమ్మ, బడిలో లక్ష్మి, ఆధారు కార్డున భర్త ఇంటిపేరుతో మరొక విధము. మూడు కాగితములలో మూడు పేర్లున్నచో, పింఛను కొరకు తిరుగునపుడు ఒక్క మనిషియేనని రుజువు చేయుటకు నెలలు పట్టును. మగడు సెలవున నున్నపుడే పేరును, పుట్టిన తేదీని అన్నిటను సరిచేయించుకొనుడు. బ్యాంకు ఖాతాను ఇద్దరి పేర నుంచుడు. బీమాకు, భవిష్యనిధికి నామినీగా ఎవరిని వ్రాసిరో యడిగి తెలిసికొనుడు. పెండ్లికి పూర్వము తల్లి పేరు వ్రాసి పిదప మార్పు మరచినవారు పెక్కుమంది గలరు. “ఇట్టి మాట యెత్తుట అశుభము గదా” అని వెరవకుడు. దీపమున్నపుడే యిల్లు చక్కబెట్టుకొమ్మని మన పెద్దల మాట. సందేహము వచ్చినచో జిల్లా కేంద్రమునందలి సైనిక సంక్షేమ కార్యాలయమున నడుగుడు. ఆ కార్యాలయము మాజీ సైనికుల కొరకే యని పలువురు తలంతురు. కొలువులో నున్నవారి కుటుంబముల చిక్కులను వినుటయు వారి పనియే.

ఇక తక్కినవారి ధర్మము. అత్తమ్మలారా, కోడలు బడినుండియో కచేరినుండియో వచ్చు వేళకు ఒక గ్లాసు చాయ చేతికిచ్చుడు. మీ కొడుకు సరిహద్దున నిశ్చింతగా నిలుచుటకు అదియు ఒక కారణము. కార్యాలయములలో పెద్దలైనవారికొక మనవి: మగడు సెలవున వచ్చిన పది దినములలో ఆ యిల్లాలు సెలవడిగినచో అది షోకు గాదని యెరుగుడు. చట్టమును కొంత తోడు కలదు. 2017లో సవరింపబడిన ప్రసూతి చట్టమున మొదటి యిద్దరు బిడ్డలకు 26 వారముల సెలవును, 50 మందికి తక్కువగాక పనిచేయు సంస్థలలో పసిబిడ్డల సంరక్షణకు తావును నిర్ణయించిరి. కాని పత్తిచేనిలో కూలి చేయుచు, మగని పటాలమునకు పంపిన తల్లికి ఈ చట్టము నీడ అందదు. ఆమె బిడ్డకు అంగనవాడియు, ఇరుగు పొరుగులుమే దిక్కు.

సోదరీమణులారా, ‘వీరపత్ని’ యను బిరుదు గొప్పది. కాని ఆ బిరుదు నిచ్చి, ఆమె అలసట చెప్పుకొన వీలులేకుండ నోరు మూయించుట న్యాయము గాదు. మీ వాడలో అట్టి యిల్లు ఒకటైనను ఉండును. ఈ ఆదివారము పోయి, ఆమె బిడ్డలను ఒక పూట మీ యింటికి తెచ్చుకొనుడు. ఆమె ఆ పూట గుడికి పోవునో, కాగితములు సర్దుకొనునో, తలుపు మూసికొని కన్ను మూయునో, అడుగకుడు.