అమ్మ చీర, సీసా వెనక పేర్లు

మొన్న అమ్మ ఇచ్చిన మంగళగిరి చీర ఉతకబోతూ డిటర్జెంట్ సీసా వెనక చదివాను. ప్రోటియేజ్, అమైలేజ్, మానానేజ్, సెల్యులేజ్. బీఎస్సీలో బట్టీ పట్టిన పేర్లు! హెచ్4 మీద వచ్చాక ఎనిమిదేళ్లుగా వాటిని పలకరించిందే లేదు.

మానానేజ్ ఐస్‌క్రీమ్ మరకల్లో ఉండే గోరుచిక్కుడు గింజల బంకను విరగ్గొడుతుంది. నేను ఆగిపోయింది సెల్యులేజ్ దగ్గర. నూలంటేనే సెల్యులోజ్ కదా, మరి ఇది చీరను తినదూ?

తింటుందని అమెరికా సైన్యానికి బాగా తెలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో వాళ్ల నూలు గుడారాలు బూజుపట్టి చివికిపోయేవి. సోలమన్ దీవుల్లో దొరికిన ఒక బూజు మీద మసాచుసెట్స్‌లోని నేటిక్ సైనిక ప్రయోగశాలలో ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ ఏళ్ల తరబడి పనిచేశారు. తర్వాత దానికి రీస్ పేరే పెట్టారు, ట్రైకోడెర్మా రీసై అని. మేరీ పేరు దేనికీ పెట్టలేదా అని నాకో చిన్న గునుపు.

ఆ బూజు చేసే ముఖ్యమైన ఎంజైములో కోసే భాగం వేరు, పట్టుకునే భాగం వేరు. పట్టుకునేది సుమారు 36 అమైనో ఆమ్లాల చిన్న ముక్క. అది ఏమీ కోయదు. మూడు టైరోసిన్లను బల్లపరుపుగా ఆనించి పోగుకు అతుక్కుంటుంది. మనం కత్తిపీటను కాలితో అదిమిపెట్టినట్టు. ఆ పట్టు లేకపోతే గట్టి సెల్యులోజ్ మీద కోత బాగా మందగిస్తుంది.

డిటర్జెంట్‌లో వేసేది కొద్దిగానే. పైకి లేచిన నూగును కోసేస్తే రంగు తేటగా కనిపిస్తుంది. పట్టుచీరకైతే భయం ప్రోటియేజ్‌తో, పట్టు ప్రోటీనే కాబట్టి.

అమ్మ చీర ఇరవయ్యేళ్లది, అంచు దగ్గర పోగులు పల్చబడ్డాయి. సీసా మూత పెట్టేసి, ఇండియన్ స్టోర్‌లో కొన్న కుంకుడుకాయ పొడి నానబెట్టాను.