రక్తానికి ఆటు లేదా?

బ్లడ్ ప్రెషరుకు మనవాళ్ళు రక్తపు పోటు అని పేరు పెట్టారు. పేరు బాగానే ఉంది. కాని సముద్రానికి పోటుతో పాటు ఆటు కూడా ఉన్నది కదా! రక్తం పొంగినప్పటి మాటే మనకు దక్కింది. తగ్గినప్పుడు ఏమనాలో తెలియక "బీపీ పడిపోయింది" అని ఊరుకుంటున్నాం. తెలుగు పంతులుకు మాటల గొడవే గొడవ అని నవ్వకండి. ఇక్కడ చిక్కు ప్రాణం మీదిది.

మొన్న మా అమీర్‌పేటలో ఒక పెద్దాయనకు మూత్రంలో చీము పట్టి, ఆ విషం రక్తానికెక్కింది. పై అంకె 70కి దిగితే నర్సింగ్ హోములో చేర్చారు. నేను చూడబోయేసరికి 110 ఉంది. "నార్మలుకొచ్చింది సార్, ఏదో ఒక బండిలో పంజాగుట్ట పెద్దాసుపత్రికి మార్చేస్తాం" అన్నాడు కొడుకు. డాక్టరమ్మ అడ్డు తగిలింది: "ఆ 110 మీ నాన్నగారిది కాదు బాబూ, మందుది."

ఆ మందు నార్‌అడ్రినలిన్. మన నరాల కొసల్లో ఊరే సరుకే. 1946లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఫాన్ ఆయిలర్ ఆ సంగతి కనిపెట్టాడు. 1970లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. విషం ఎక్కితే రక్తనాళాలు సడలిపోతాయి, ఉన్న రక్తం వాటికి చాలదు. సెలైనుతో కుదరకపోతే ఈ మందు నాళాలను బిగిస్తుంది. గుండె కండరమే నీరసిస్తే డోబుటమిన్ వంటిది దన్నుగా ఇస్తారు. గుండె ఆగితే, ఛాతీ నొక్కుతూనే, 3 నుంచి 5 నిమిషాలకొకసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్.

ఇవి జబ్బును కుదిర్చేవి కావు సుమా! యాంటీబయాటిక్ తన పని తాను చేసేదాకా మనిషిని నిలబెడతాయి, అంతే. పైగా నార్‌అడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లో సగం ఖర్చయిపోతుంది. అందుకే చిన్న పంపు సిరంజిని క్షణం మానకుండా నొక్కుతుంటుంది. మోతాదు మరీ పెరిగితే వేళ్ళు నల్లబడడమూ కద్దు. కనుక "బీపీ ఎంత?" అని అడిగి ఊరుకుంటే చాలదు. "మందు నిన్నటికన్నా తగ్గిందా, పెరిగిందా? మూత్రం వస్తున్నదా?" అనీ అడగాలి.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒకటే స్టేషను. సాయంత్రం పూట రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో ఆ దేవుడికే ఎరుక. రోగిని మార్చక తప్పకపోతే పంపు, నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ, మందు నింపిన రెండో సిరంజి, అవి తెలిసిన మనిషి – ఈ నాలుగూ అంబులెన్సు ఎక్కాకనే రోగిని ఎక్కించాలి.